మన తీరానికి సీల్స్ రావు, తాబేళ్లు వస్తాయి

కళింగపట్నం బీచ్‌లో సీల్స్ ఎందుకు ఉండవు? మా ఇంట్లో పిల్లలు ఈ ప్రశ్న చాలాసార్లు అడిగారు. ఫోన్లో వీడియోలు చూస్తారు కదా. అమెరికా పడమటి తీరంలో రాళ్ల మీద బారులు తీరి పడుకున్న సీ లయన్లు, శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో చెక్క బల్లల మీద ఒకదాన్నొకటి తోసుకుంటూ అరిచేవి, పెద్ద పెద్ద కళ్లతో చూసే సీల్ కూనలు. అవన్నీ చూశాక మన సముద్రం వాళ్లకు ఖాళీగా కనిపిస్తుంది. నాకు బాధ కలిగించేది అదే. డొంకూరు నుంచి రణస్థలం దాకా దాదాపు 193 కిలోమీటర్ల తీరం ఉన్న శ్రీకాకుళం జిల్లా మాది. ఆ పక్కనే విజయనగరం జిల్లాకు కోనాడ, చింతపల్లి, ముక్కాం ఉన్నాయి. ఇంత తీరం పక్కన పెరిగే పిల్లలకు ఎక్కడో ఉన్న సీల్ తెలుసు, మన ఇసుకలో గుడ్లు పెట్టే తాబేలు తెలియదు. అందుకే వాళ్ల ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పాలనుకున్నాను. ఆ జవాబు సీల్స్‌తో మొదలైనా చివరికి మన వలల దగ్గరికే వస్తుంది.

ముందు సీల్ ఏది, సీ లయన్ ఏది అన్న సంగతి. సీ లయన్‌కు తలకు రెండు పక్కలా చిన్న చెవులు బయటికి కనిపిస్తాయి. వెనక రెక్కలను ఒంటి కిందికి తిప్పుకోగలదు కాబట్టి నేల మీద నాలుగు కాళ్ల జంతువులాగే నడుస్తుంది. సీల్‌కు చెవి రంధ్రాలే ఉంటాయి, నేల మీద పొట్టతో పాకుతుంది. వాల్‌రస్ కూడా వీటి చుట్టమే. అన్నీ కలిపి ముప్పైకి పైగా జాతులు. అన్నీ ఊపిరితిత్తులతో గాలి పీల్చేవే, పిల్లలకు పాలిచ్చేవే. కనడానికి, పాలివ్వడానికి ఒడ్డుకో మంచు మీదికో రాక తప్పదు.

వీటిలో చాలా వాటికి చల్లటి నీళ్లు కావాలి. చర్మం కింద మందపాటి కొవ్వు పొర ఉంటుంది. చలిలో కాపాడే ఆ పొరే వేడిలో భారమవుతుంది. అయితే ఒక్క వేడి వల్లే మన దగ్గర లేవు అనడం సరికాదు. హవాయి దీవుల్లో మాంక్ సీల్ వెచ్చటి నీళ్లలోనే బతుకుతోంది. భూమధ్యరేఖ మీదున్న గాలపాగోస్ దీవుల్లో సీ లయన్లు ఉన్నాయి, ఎందుకంటే అక్కడికి చల్లటి ప్రవాహాలు వస్తాయి. కాలిఫోర్నియా, పెరూ తీరాల్లో అడుగు నీళ్లు పైకి పొంగుతూ పోషకాలను తెస్తాయి, దాంతో చేపలు విపరీతంగా పెరుగుతాయి. బంగాళాఖాతం తీరు వేరు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చే మంచినీళ్లు ఉప్పునీటి మీద ఒక పొరగా పరుచుకుంటాయి, కింది నీళ్లు అంత సులువుగా పైకి రావు. ఇంకో కారణం భూగోళం పటంలోనే కనిపిస్తుంది. హిందూ మహాసముద్రానికి ఉత్తరాన చల్లటి సముద్రం లేదు, భూమి ఉంది. సీల్స్ పైనుంచి దిగి వచ్చే దారే లేదు. దక్షిణ ధ్రువం వైపు నుంచి రావాలంటే వేల కిలోమీటర్ల వెచ్చటి నీళ్లు దాటాలి. అందుకే అరేబియా నుంచి బర్మా వరకు ఏ తీరంలోనూ వాటికి స్థిరమైన నివాసం లేదు.

పిల్లలకు ఇంతవరకు చెబితే చాలు. పెద్దలం తెలుసుకోవాల్సిన కథ తర్వాతిది. ఆ వీడియోల్లో కనిపించే గుంపులు ఒకప్పుడు తుడిచిపెట్టుకుపోయే దాకా వచ్చాయి.

ఎలిఫెంట్ సీల్‌ను నూనె కోసం చంపేవారు. 19వ శతాబ్దం చివరికి ఉత్తర పసిఫిక్ జాతిలో మిగిలినవి వంద కూడా లేవని అంచనా, అవి కూడా మెక్సికోకు చెందిన గ్వాడలూప్ దీవి దగ్గరే. 1922లో మెక్సికో ఆ దీవికి రక్షణ కల్పించింది. ఇవాళ అవి లక్షన్నరకు పైనే ఉన్నాయి. కాలిఫోర్నియా సీ లయన్‌ను తోలు కోసం, నూనె కోసం, చేపలు తినేస్తోందన్న కోపంతో కాల్చేవారు. 1972లో అమెరికా సముద్ర క్షీరదాల రక్షణ చట్టం తెచ్చాక చంపడం ఆగింది. ఇప్పుడు వాటి సంఖ్య రెండున్నర లక్షలు దాటింది. కరీబియన్ మాంక్ సీల్‌కు మాత్రం ఆ అవకాశం దక్కలేదు. 1494లో కొలంబస్ మనుషులు ఎనిమిదింటిని చంపడంతో మొదలైన వేట శతాబ్దాలు సాగింది. చివరిసారి అది కనిపించింది 1952లో. 2008లో ఇక లేదని ప్రకటించారు. అది బతికింది చలి దేశంలో కాదు, మన తీరం లాంటి వెచ్చటి ఇసుక తీరాల్లో.

నాకు ఈ చరిత్రలో ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. ఎలిఫెంట్ సీల్‌ను గానీ సీ లయన్‌ను గానీ ఎవరూ పెంచి సముద్రంలో వదలలేదు. పెద్ద జంతువులు చావకుండా చూశారు, అంతే. పిల్లల్ని కని పెంచే పని అవే చేసుకున్నాయి.

అక్కడ కూడా అంతా సాఫీగా జరగలేదు, అది కూడా చెప్పాలి. అమెరికాలోని కొలంబియా నది మీద బానవిల్ డ్యామ్ దగ్గర ఎదురీదుతూ వచ్చే సాల్మన్ చేపల్ని సీ లయన్లు కాపు కాసి తింటాయి. ఆ సాల్మన్లలో కొన్ని రకాలు అంతరించే స్థితిలో ఉన్నాయి. చివరికి 2018లో చట్టాన్ని సవరించి, ఆ నదిలో కొన్ని సీ లయన్లను చంపడానికి ఉన్న అనుమతిని ఇంకా పెంచారు. జాలర్ల కోపం అక్కడా ఉంది, ఆ కోపానికి కారణమూ ఉంది. ఒక జంతువును కాపాడటానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది తేల్చకుండా కాపాడతాం అనడం నాకు నిజాయితీగా అనిపించదు.

ఇక మన దగ్గరికి వద్దాం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఇసుక మీదికి వస్తాయి. బారువ, భావనపాడు, కళింగపట్నం, ఇలా తీరం పొడవునా. రెండడుగుల డిప్ప, నలభై యాభై కిలోల బరువు. సముద్రంలో ఎంత చురుగ్గా ఈదుతుందో నేల మీద అంత కష్టపడుతుంది. వెనక కాళ్లతో ఇసుక తవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, పూడ్చి, ఒంటితో చదును చేసి తిరిగి వెళ్లిపోతుంది. దాదాపు యాభై రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఇసుక ఎక్కువ వేడిగా ఉంటే ఆడవి, తక్కువ వేడిగా ఉంటే మగవి పుడతాయి. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే రుషికుల్య నది మొగ ఉంది. అక్కడ 2025 ఫిబ్రవరిలో దాదాపు ఏడు లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. ప్రపంచంలో ఇలాంటి చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. దానికి ఇంత దగ్గరలో ఉండి, మన తీరంలో చూడటానికి ఏమీ లేదని పిల్లలు అనుకుంటున్నారంటే ఆ తప్పు పెద్దలదే.

కానీ పిల్లల్ని ఆ నెలల్లో పొద్దున్నే బీచ్‌కు తీసుకెళ్తే ఏం కనిపిస్తుందో మా తీరంలో తిరిగేవాళ్లందరికీ తెలుసు. అలలు తోసేసిన తాబేళ్లు. ఒళ్లు ఉబ్బి, మెడ బయటికి వాలి, చుట్టూ కాకులు, కుక్కలు. చాలావాటి మీద గాయమే ఉండదు. తాబేలుకు మొప్పలు లేవు, సీల్ లాగే గాలి కోసం పైకి రావాలి. ట్రాలర్ అంటే వలను లాక్కుంటూ పోయే పెద్ద మర పడవ, దాని వల సముద్రం అడుగున గంటల తరబడి సాగుతుంది. అందులో చిక్కుకున్న తాబేలు పైకి రాలేదు, ఊపిరాడక చస్తుంది. వల పైకి లాగాక అది పనికిరాదు, సముద్రంలోనే పడేస్తారు. కొన్ని రోజులకు ఒడ్డుకు చేరుతుంది. మన కంటికి కనిపించేవి ఒడ్డుకు చేరినవే, నడిసముద్రంలో మునిగిపోయినవి ఎవరి లెక్కలోనూ ఉండవు.

మన దగ్గర అటవీ శాఖ, కొన్ని స్వచ్ఛంద సంస్థలు, ఊళ్లలో మత్స్యకార యువకులు కలిసి గుడ్లను ఏరి హేచరీల్లో పెట్టి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతున్నారు. రాత్రంతా ఇసుకలో తిరిగి, నక్కలకీ కుక్కలకీ దొరక్కుండా గుడ్లు కాపాడే ఆ కుర్రాళ్లంటే నాకు చాలా గౌరవం. కానీ ఆ పిల్లల్ని వదిలే రోజున అధికారులు, ఫొటోలు, వార్తలు అయిపోయాక, ఇక తాబేలును కాపాడేశాం అనుకుంటే ప్రమాదం. వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదవుతుందని సాధారణంగా చెబుతారు. అది గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్లకు పైగా పడుతుంది. అన్ని గండాలూ దాటి, అన్నేళ్లు బతికి, గుడ్లు మోసుకుంటూ తీరానికి వచ్చిన ఆడ తాబేలు ఒక వలలో పోతే, ఎన్ని బుట్టల పిల్లల్ని వదిలితే ఆ లోటు తీరుతుంది?

ఇది నా ఊహ కాదు, దీనికి రుజువుంది. ఆలివ్ రిడ్లేకు తోబుట్టువు లాంటి జాతి కెంప్స్ రిడ్లే, మెక్సికో గల్ఫ్‌లో ఉంటుంది. 1947లో ఒక్క రోజులో వేలకు వేలు గుడ్లు పెట్టిన తీరంలో మెక్సికో 1966 నుంచి గుడ్లను కాపలా కాసింది. అయినా సంఖ్య పడిపోతూనే వచ్చి, 1985 నాటికి ఏడాది మొత్తానికి 702 గూళ్లే మిగిలాయి. ఒడ్డున కాపలా ఉంది, నీళ్లలో చావు ఆగలేదు. తర్వాత రొయ్యల ట్రాలర్ల వలల్లో తాబేలు బయటపడే చట్రాలు తప్పనిసరి చేశాక, 1990ల్లో గూళ్లు మళ్లీ పెరగడం మొదలైంది. గుడ్ల కాపలా వృథా అనను, రెండూ కావాలి. కానీ మొదటిది ఒక్కటే ఎంతకాలం చేసినా చాలలేదు.

ఆ చట్రాన్ని టెడ్ అంటారు. వల మధ్యలో ఏటవాలుగా బిగించిన కమ్మీలు. రొయ్యలు, చిన్న చేపలు కమ్మీల సందుల్లోంచి వెనక్కి పోతాయి, తాబేలు కమ్మీలకు తగిలి పక్కనున్న దారిలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు దీన్ని తయారు చేసింది. ట్రాలర్ వాళ్లు దీన్ని ఇష్టపడరు, పెద్ద చేప కూడా కొంత ఆ దారినే పోతుందని. పోతుంది, నిజమే. ఆ నష్టం ఎంతో కొలిచి, దాన్ని వాళ్ల నెత్తినే రుద్దకుండా పంచుకోవడం ప్రభుత్వం పని.

ఇక్కడ ఒక అన్యాయం గురించి చెప్పకుండా ఉండలేను. చచ్చిన తాబేలు ఒడ్డున కనిపించగానే మొదట మాట పడేది ఆ ఊరి మత్స్యకారుడు. శ్రీకాకుళం జిల్లాలో తెప్పల మీద, ఫైబర్ బోట్ల మీద బతికేవాళ్లే ఎక్కువ. ట్రాలర్లు ఎక్కువగా విశాఖ రేవు నుంచి వస్తాయి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలకే వదలాలని మన రాష్ట్రంలో నియమం ఉంది. రాత్రిపూట ఆ గీత లోపల దీపాలు కనిపిస్తాయని మా వైపు ఎవరిని అడిగినా చెబుతారు. వాళ్ల వలలు తెగేది కూడా ఆ ట్రాలర్ల వల్లే. అంటే తాబేలుకు, చిన్న పడవకు నష్టం ఒకే చోటి నుంచి వస్తోంది. ఆ ఇద్దర్నీ శత్రువుల్లా చూపించడం నాకు అస్సలు నచ్చదు.

చిన్న వలలో తాబేలు పడదని కాదు, పడుతుంది. గార మండలంలో నేను బాబాయ్ అని పిలిచే ఒకాయన ఉన్నారు. ఆయన చెప్పింది ఇది: "తాబేలు పడితే దండమెట్టి ఒగ్గేత్తాం బాబూ. కూర్మనాథుడు కదేటి. కానీ అది వల సింపేసినాదనుకో, ఆ డబ్బులు నాకెవులిత్తారు? పెద్దోలెవులూ ఆ మాట అడగరు." ఆయన ఊరికి దగ్గర్లోనే శ్రీకూర్మం. విష్ణువును తాబేలు రూపంలో కొలిచే గుడి ఉన్న నేల మీద, తాబేలును వదలమని ఎవరికీ నేర్పక్కర్లేదు. ఆయన భక్తిని నేను కళ్లారా చూశాను. ఆయన అడిగిన డబ్బు సంగతి కూడా భక్తి అంత నిజం. వల అంటే అప్పు. సావుకారి దగ్గర వడ్డీకి తెచ్చింది. తాబేలును బతికించడానికి వల కోయాలంటే ఆ రోజు వేటే కాదు, తర్వాతి రోజులూ పోతాయి.

ఈ ప్రశ్నకు జవాబు మన మత్స్యకారులు వలస వెళ్లే చోటే ఉంది. మన రెండు జిల్లాల నుంచి ఏటా వేలమంది గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్లి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. 2018 చివర్లో అలా వెళ్లిన మనవాళ్లను పాకిస్తాన్ పట్టుకుంటే 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు, ఆ నెలల్లో ఆ ఇళ్లలో పడిన టెన్షన్ మనందరికీ గుర్తే. అదే వెరావల్ తీరంలో ఒకప్పుడు వేల్ షార్క్‌ను, అంటే ప్రపంచంలోకెల్లా పెద్ద చేపను, కాలేయం నూనె కోసం, మాంసం కోసం వేటాడేవారు. 2001లో చట్టం దాన్ని రక్షిత జంతువుల జాబితాలో చేర్చింది. 2004లో అక్కడ పెద్ద ప్రచారం నడిచింది. పుట్టింటికి పురుడుకొచ్చే ఆడపిల్లతో దాన్ని పోల్చి చెప్పారు. అయితే మాటలతో ఆపలేదు. వేల్ షార్క్‌ను వదలడానికి వల కోసిన మత్స్యకారుడికి గుజరాత్ అటవీ శాఖ నష్టపరిహారం ఇచ్చింది, 25 వేల రూపాయల దాకా. అప్పట్నుంచి వందల వేల్ షార్క్‌లను మత్స్యకారులే వదిలారు. మహారాష్ట్ర కూడా 2018 చివర్లో ఇలాంటి పరిహారం మొదలుపెట్టింది, తాబేళ్లకు, డాల్ఫిన్లకు కూడా వర్తించేలా. మనవాళ్లు అక్కడి బోట్ల మీద చూసిన పద్ధతి సొంతూళ్లో ఎందుకు ఉండకూడదు?

మన దగ్గర డబ్బు పంచే దారి లేదని కూడా కాదు. వేట నిషేధ కాలానికి భృతి ఇస్తున్నారు. 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి మన ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెం వచ్చి కుటుంబానికి 20 వేల చొప్పున ఇచ్చే పథకం ప్రారంభించారు. లబ్ధిదారుల జాబితా ఉంది, బ్యాంకు ఖాతాలు ఉన్నాయి. కోసిన వలకు ఫోన్లో తీసిన ఫొటో సాక్ష్యంగా పెట్టుకుని అదే ఖాతాలో డబ్బు వేయొచ్చు.

బయటి ఒత్తిడి కూడా ఉంది. టెడ్ సరిగా వాడటం లేదన్న కారణంతో సముద్రంలో పట్టిన మన రొయ్యలను 2019 నుంచి అమెరికా కొనడం లేదు. చెరువుల్లో పెంచిన రొయ్యకు ఆ నిషేధం లేదు కాబట్టి పెద్ద ఎగుమతిదారులకు దెబ్బ తగల్లేదు, ధర తగ్గింది వేటాడి బతికేవాళ్లకు. దానికి తోడు, సీ లయన్లను కాపాడిన 1972 నాటి ఆ అమెరికా చట్టం కిందే 2016లో ఇంకో నియమం వచ్చింది. తమకు చేపలు అమ్మే దేశాలు డాల్ఫిన్లు, తిమింగలాలు వలల్లో చావకుండా ఏం చేస్తున్నాయో చూపించాలి. ఎక్కడో కాలిఫోర్నియా రాళ్ల మీద పడుకున్న జంతువును కాపాడిన చట్టం మన బోటు దాకా వచ్చింది. అవతలివాళ్లు అడిగారని కాకుండా మన తాబేలు మనదని చేసి ఉంటే ఈ దెబ్బ తప్పేది.

ఒడ్డుకు కొట్టుకొచ్చే పెద్ద జీవుల గురించి కూడా ఒక మాట. 2021 డిసెంబరులో అప్పటి విశాఖ జిల్లా తంతడి తీరానికి పెద్ద వేల్ షార్క్ కొట్టుకొస్తే అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి బతికుండగానే సముద్రంలోకి పంపించారు. 2023 జులైలో మన సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి తిమింగలం కొట్టుకొచ్చింది, అప్పటికే చనిపోయి. జనం గుంపులుగా వెళ్లి ఫొటోలు తీసుకున్నారు. కాలిఫోర్నియాలో ఇలాంటి వాటి కోసమే 1975లో ఒక సముద్ర క్షీరదాల ఆసుపత్రి మొదలైంది, జబ్బుపడిన సీ లయన్లను తెచ్చి వైద్యం చేస్తారు. నాచు నుంచి వచ్చే విషం సీ లయన్లకు మూర్ఛ తెస్తోందని 1998లో తేలింది కూడా ఇలా ఒడ్డున పడినవాటిని పరీక్షించడం వల్లే. మేఘవరం తిమింగలం లాంటివి ఎందుకు చచ్చిపోయాయో ప్రతిసారీ మన దగ్గర పరీక్షించి జనానికి చెప్పాలి.

ఒడ్డున సీల్ పడుకుని ఉందంటే సాధారణంగా అది విశ్రాంతి తీసుకుంటోందని, దూరంగా ఉండాలని అక్కడ పిల్లలకు నేర్పుతారు. మన పిల్లలకు నేర్పాల్సింది వేరు. ఒడ్డున డాల్ఫిన్ ఉందంటే అది ఆపదలో ఉంది. తన బరువు తననే నొక్కేస్తుంది, ఎండకు ఒళ్లు ఉడికిపోతుంది. తోక పట్టి లాగకూడదు. పొట్ట కిందికి ఉండేలా నిలబెట్టి, తడిగుడ్డ కప్పి, నీళ్లు పోస్తూ ఉండాలి. నెత్తి మీదున్న ముక్కు రంధ్రంలోకి మాత్రం నీళ్లు పోకూడదు, గుడ్డ అడ్డం పడకూడదు. గుంపును దూరంగా ఉంచి వెంటనే అటవీ శాఖకు చెప్పాలి. గుడ్లు పెట్టడానికి వచ్చిన తాబేలు కనిపిస్తే టార్చి వేయకూడదు, వెళ్లేదాకా వెనకే కూర్చోవాలి. మా పిల్లలకు ఇప్పుడు ఇవన్నీ తెలుసు.

ఇక మిగిలింది తారీఖుల సంగతి. మన తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టారు, మంచిదే. కానీ తాబేళ్లు ఒడ్డుకు వచ్చేది ముఖ్యంగా జనవరి, ఫిబ్రవరి, మార్చిలో, అంటే ట్రాలర్లు జోరుగా తిరిగే నెలల్లో. నిషేధం మొదలయ్యేసరికి చావాల్సినవి చచ్చిపోయి ఉంటాయి. ఒడిశా తన గూళ్ల తీరాల దగ్గర నవంబరు నుంచి మే దాకా వేటను ఆపుతోంది. అంత కఠినంగా మన దగ్గర చేస్తే తెప్పల వాళ్లు పస్తులుంటారు, కాబట్టి నేను అది అడగను. ఆ మూడు నెలలు వంశధార, నాగావళి, మహేంద్రతనయ మొగల దగ్గర 8 కిలోమీటర్ల లోపలికి ట్రాలర్ రాకుండా గస్తీ పడవ తిరగాలి. విశాఖ రేవులో టెడ్ బిగించని ట్రాలర్‌ను బయటికి వదలకూడదు. తాబేలు కోసం వల కోసుకున్న మత్స్యకారుడికి ఆ నెలలోనే డబ్బు అందాలి. జిల్లా కలెక్టర్‌కు, మత్స్య శాఖకు, అటవీ శాఖకు ఈ మూడూ రాసి పంపుతున్నాను. తీరంలో ఉన్న ఏ ఊరి వాళ్లయినా సంతకం పెడతామంటే ఆ అర్జీ మీ ఊరికి తెస్తాను. జనవరి లోపే తేవాలి.